ఎడమ కాడ

"స్టేటస్ పెట్టిన నిమిషానికల్లా చూసేది నువ్వే. చూసినవాళ్ళ జాబితాలో మొదటి పేరు నీదే. ఒక్క లైకు కొడితే వేలు అరిగిపోతుందా తల్లీ?"

కళ్ళజోళ్ళ షాపులోకి అడుగు పెట్టీ పెట్టకముందే వదిన దాడి మొదలుపెట్టింది. ఫోన్ తీసి కౌంటర్ అద్దం మీద టపీమని పెట్టింది. కౌంటర్ వెనక ఆడపడుచు ఎవరిదో ఫ్రేముకి మర బిగిస్తోంది. తలెత్తలేదు.

"పని ఎక్కువగా ఉంది వదినా."

"చూడ్డానికి తీరుతుంది గానీ నొక్కడానికి తీరదు! నిన్నటి ఫోటోకి నూట నలభై లైకులు. గ్యాస్ బండ తెచ్చే అతను కూడా కొట్టాడు. మేమిద్దరం చిలకాగోరింకల్లా ఉంటే నీకు కడుపుమంట. అంతేగా?"

ఆడపడుచుకి ఈ మాట పడటం కొత్త కాదు. చుట్టాలంతా ఆమెను 'సీసీ కెమెరా' అంటారు. అన్నీ చూస్తుంది, ఒక్క ముక్క మాట్లాడదు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఎవరింటి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో అన్నీ ఆమెకు తెలుసు. ఇంతవరకూ ఎవరికీ ఒక్క బొటనవేలు బొమ్మ కూడా పెట్టిన పాపాన పోలేదు.

అద్దం ముందు ఫ్రేములు పెట్టి చూసుకుంటున్న పెద్దాయన ఇటు తిరిగాడు. "ఇది నాకు బాగుందా అమ్మా?"

"అదిరిపోయిందండీ!" అంది వదిన. కళ్ళజోడు లేకపోతే అంత దూరంలో ఆవిడకి మనిషే ఆనడు.

ఆడపడుచు ఆయన ముఖం వంక కాసేపు చూసింది. "ముక్కు మీద నిలవట్లేదండీ. పక్కది పెట్టి చూడండి."

పెద్దాయన పక్కది పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపి చూసి, అది తీసి ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు.

"ఇదుగో, ఇదే నీ జబ్బు. ఒక మంచి మాట అంటే నీ సొమ్మేం పోయింది?" అంది వదిన. తర్వాత గొంతు తగ్గించి, సంచిలోంచి మడతపెట్టిన రుమాలు తీసింది. "సరేలే, ఇది కాస్త బాగుచేసిపెట్టు. రేపు మా పెళ్ళిరోజు. ఐదేళ్ళు నిండుతాయి. ఫోటో పెట్టాలి. రేపైనా కింద రెండు మాటలు రాయి. మా చెల్లికి మనమంటే పడదా అని మీ అన్నయ్య అడుగుతున్నాడు."

రుమాలులో వదిన కళ్ళజోడు. చెవికి తగిలించుకునే ఎడమ కాడ వంగి వేలాడుతోంది.

"ఎలా అయింది?"

"మంచం మీద పెట్టా. మీ అన్నయ్య చూసుకోకుండా కూర్చున్నాడు."

"పోయినసారి మెట్ల మీద పడ్డానన్నావు. అంతకుముందు తలుపు తగిలిందన్నావు."

"నా కంగారు నీకు తెలీనిదా!" వదిన నవ్వింది.

ఆడపడుచు కళ్ళజోడును దీపం కిందకి జరిపింది. "మీద కూర్చుంటే రెండు కాడలూ పరుచుకుపోతాయి వదినా. కింద పడితే అద్దం పగులుతుంది. నీది మూడుసార్లూ ఎడమ కాడ ఒక్కటే వంగింది. ఎనిమిదేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నా. ఎదురుగా ఉన్న మనిషి కుడిచేత్తో చెంప మీద కొడితేనే ఇలా అవుతుంది."

"ఛ, ఏం మాటలవి?"

"నిన్నటి ఫోటోలో నీకు కళ్ళజోడు లేదు. నీది మైనస్ ఐదు. కెమెరా ఎటుందో కనపడక గోడని చూసి నవ్వావు."

వదిన గబుక్కున ఫోన్ మీద అరచెయ్యి కప్పింది. ముఖం చెవుల దాకా ఎర్రబడింది. బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది కావడం లేదు.

"ఎవరికీ చెప్పకే" అంది వదిన చివరికి. "తలెత్తుకోలేను. నవ్వుతున్న ఫోటో రోజూ ఒకటి పెడితే ఎవరూ ఏమీ అడగరు."

"నేనూ అడగలేదుగా" అంది ఆడపడుచు. ఆమె కళ్ళు ఇంకా కౌంటర్ మీదే ఉన్నాయి. "కింద ఏం రాయను వదినా? చూడముచ్చటగా ఉన్నారని రాయనా? అది రాయడానికి చేతులు రాలేదు. ఉన్నమాట రాసే ధైర్యం లేదు. చూడటం, సిగ్గుతో మూసేయడం. ఇన్నాళ్ళూ నేను చేసింది అదే."

"నీకెందుకే సిగ్గు? పడాల్సింది నేను గానీ. నువ్వేం చేశావని?"

ఆడపడుచు సొరుగు లాగి, చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి వదిన ముందు పెట్టింది. "మార్చినవి పారేయబుద్ధి కాలేదు."

వదిన డబ్బాని ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసింది. అన్నీ వంగిపోయిన ఎడమ కాడలే. వేలితో ఒక్కొక్కటే జరిపి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇందులో మూడున్నాయేమిటే? ఇవాళ్టిది ఇంకా ఊడదియ్యనే లేదు. ఇంతకుముందు నేను తెచ్చినవి రెండేగా?"

"ఆ నల్లది నాదే వదినా" అంది ఆడపడుచు. "మీ పెళ్ళికి వారం ముందు అన్నయ్య విరగ్గొట్టింది."