ఆల్చిప్పల కాపలా

వంతెన మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న జ్దెన్కా, కింద ఏట్లో మనిషిని చూసి దిగిపోయింది.

ఎవరో ముసలాయన. మోకాళ్ల దాకా బురద. వంగి నేల తడుముతున్నాడు. చేతికి అందినదాన్ని బకెట్‌లో వేస్తున్నాడు.

టక్కుమన్న ఆ చప్పుడు వినగానే ఆమెకు తెలిసిపోయింది. ఆల్చిప్పలు.

ఆ మొరావియా పల్లెలో ఎండలు ముదిరాక ఒక్క చినుకు పడలేదు. ఏరు పూటపూటకీ సన్నబడుతోంది. ఎవరికీ ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

పోయిన వేసవిలో గుడారాలు వేసుకున్న కుర్రకారు ఆల్చిప్పల్ని నిప్పుల మీద కాల్చుకు తిని, పెంకులు ఒడ్డున పారేసి పోయారు. జ్దెన్కా ఆ పెంకులు ఏరుతూ ఏడ్చింది. బళ్లో వంట చేసే మనిషి. అయినా ఇల్లిల్లూ తిరిగి, అందర్నీ ఒప్పించి, వంతులవారీగా కాపలా పెట్టించింది. చుట్టుపక్కల ఏ ఏట్లోనూ లేని ఆల్చిప్పలు తమ ఏట్లో ఉన్నాయని ఊరికి గర్వం.

"పెద్దాయనా, ఏం చేస్తున్నావక్కడ?"

ఆయన తలెత్తాడు. "నీళ్లు తగ్గిపోతున్నాయమ్మా. ఇక్కడుంటే ఎండకి చస్తాయి. పైన మిల్లు మడుగులో వేస్తాను."

పొరుగు దేశం స్లొవాకియా యాస. ఊరి మనిషి కాదు.

జ్దెన్కా బావకు ఫోన్ చేసింది. ఆమె అక్క మొగుడు బొహుష్, ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద. బీరు గ్లాసు సగంలో వదిలేసి, ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎలా తింటావ్ తాతా? వెన్నలో వేయించా, వెల్లుల్లి దట్టించా?"

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ముసలాయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. మిల్లు ఇంటి క్వేతాకు తాను తెలుసుననీ, ఆమె ఇంటికే వచ్చాననీ, తాళం వేసి ఉందనీ చెప్పాడు. కావాలంటే ఆమెనే అడగమన్నాడు.

క్వేతా తుంటి ఆపరేషన్ చేయించుకుని పట్నం ఆసుపత్రిలో ఉంది. తాళం వేసిన ఇల్లు చూసి కథ అల్లుతున్నాడని బొహుష్ తేల్చేశాడు.

జ్దెన్కా చెయ్యి ఒకసారి ఫోన్ మీదికి పోయింది. నిన్ననే ఆపరేషన్ అయిన మనిషిని ఇంత చిన్నదానికి కదిలించడమెందుకు అనుకుని చెయ్యి తీసేసింది.

బొహుష్ బకెట్ లాక్కుని, ఎక్కడ తీసినవి అక్కడే కుమ్మరించాడు.

ముసలాయన ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. "అక్కడ కాదు బాబూ. కనీసం వంతెన నీడలో వెయ్యి."

"మా ఏరు, మా ఆల్చిప్పలు. ఎక్కడుండాలో నువ్వు చెప్పక్కర్లేదు."

ఆయన్ని బస్టాపులో కూర్చోబెట్టారు. కూర్చోలేకపోయాడు. వచ్చిన బస్సు ఎక్కకుండా వంతెన దగ్గరికి నడిచాడు. బొహుష్ వెనక్కి పంపాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు, మళ్లీ పంపేశారు. తడి ప్యాంటు ఒంటిమీదే ఆరిపోయింది.

సాయంత్రం బస్సు ఎక్కబోతూ జ్దెన్కా వైపు తిరిగాడు.

"నన్ను నమ్మకపోతే పోనీ. వాటిని రోజూ ఒకసారి చూస్తూ ఉండమ్మా. నోళ్లు తెరిచాయంటే ఆలస్యమైపోయినట్టే."

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూసింది. నీళ్లు పల్చగా కప్పే ఉన్నాయి. ముసలాయన ఊరికే బెదరగొట్టాడని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకోలేదు. బళ్లో సూపు కలుపుతూ మాటిమాటికీ కిటికీలోంచి ఆకాశం చూసింది. మబ్బు లేదు. ఆ తర్వాత పరీక్షలు ముగిసే హడావిడి. రెండు పూటలా వంట. వారం రోజులు ఏటి వైపు వెళ్లడం కుదరలేదు. వంతుల కాపలావాళ్లు మనుషుల్ని కాశారే తప్ప నీళ్లు చూడలేదు.

వెళ్లేసరికి వంతెన మీదికే వాసన కొట్టింది.

బురద ఎండి నెర్రెలు విచ్చింది. బకెట్‌లోంచి కుమ్మరించిన చోట ఆల్చిప్పలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కాకులు దిగాయి.

జ్దెన్కా చెప్పులు విడిచేసి ఏట్లోకి దిగింది. మూతి బిగించి ఉన్నవాటిని ఏరి ఒళ్లో వేసుకుంది. బొహుష్ అగ్నిమాపక బండి తెచ్చి, ట్యాంకులోని నీళ్లన్నీ వదిలాడు. నేల వాటిని ఇట్టే తాగేసింది. అతను ఖాళీ గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు, మరదలి మొహం చూడలేదు.

బతికినవాటితో రెండు పాల క్యాన్ల అడుగు కూడా నిండలేదు. వాటిని మిల్లు మడుగుకి మోసుకెళ్లారు.

అప్పుడే క్వేతాను కారులో ఇంటికి తీసుకొచ్చారు. చంకల్లో కర్రలతో ఆమె మడుగు గట్టు దాకా వచ్చింది. జ్దెన్కా జరిగిందంతా చెప్పింది. ఒక ముసలాయన వచ్చాడనీ, ఆమె పేరు చెప్పాడనీ, తామే పంపేశామనీ.

"ఇమ్రిఖ్‌నా మీరు పంపేసింది?"

క్వేతా గట్టు మీద కూలబడింది.

"ఆయన నంబరివ్వు పిన్నీ. క్షమించమని అడుగుతాను."

"ఏమని అడుగుతావ్?" క్వేతా గొంతు పెంచలేదు. "నా పెళ్లయిన కొత్తలో, పైనున్న తోళ్ల కార్ఖానా వదిలిన విషానికి ఈ ఏట్లో ఒక్క ఆల్చిప్ప కూడా మిగల్లేదు. ఆయనే తన ఊరి ఏటి నుంచి తడి గోనెల్లో చుట్టి, రైళ్లు మారుతూ మోసుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి ఇక్కడ వదిలాడు. ఆయన బారి నుంచి మీరు కాపాడినవన్నీ వాటి పిల్లలే."