తోక తెగిన పిట్ట

తెల్లవారకముందే మబ్బు కమ్ముకుంది. కురవదు, తొలగదు. కమ్మరి కూతురి మనసూ అలాగే ఉంది. కంపెనీ పేర్లు నమోదు చేసే ఆఫీసువాళ్ళు ఇచ్చిన నెల గడువు రేపటితో సరి.

బస్సు దిగి నడుస్తూ ఆ కాగితాన్ని మళ్ళీ విప్పింది. ‘మీరు కోరిన “పిచ్చుక మార్కు పనిముట్లు” అన్న పేరు, ఇదివరకే నమోదైన “పిట్ట మార్కు” ట్రేడ్‌మార్కును పోలి ఉంది. ఆ మార్కు యజమాని సమ్మతి గానీ, మీదే ముందరిదన్న రుజువు గానీ చూపించాలి.’

“ఎన్నిసార్లు చదివినా అందులో అక్షరాలు మారవు,” అన్నాడు తండ్రి. పొద్దుటినుంచి ఆయన నోరు విప్పింది అప్పుడే.

“నీకేం నాన్నా, నిమ్మకు నీరెత్తినట్టుంటావు. పేరు రాకపోతే కొట్లవాళ్ళు మన కొడవళ్ళు తీసుకోరు. కొలిమి ఆర్పుకుని కూర్చోవాలి.”

రాను గాక రానని నిన్నంతా భీష్మించుకున్న మనిషి, పొద్దున్నే తనకంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా జేబు బరువుకి కిందికి సాగి ఉంది. దాని మీంచి చెయ్యి తీయడు. పొగాకు డబ్బీ కాబోలనుకుంది.

ఆమె ధైర్యమంతా సంచిలో ఉంది. కోతలకు పోయే ముసలమ్మ ఒకామె అటక మీద దొరికిన పాత కొడవలి. పిడి మీద కాల్చిన సంవత్సరం, పిట్ట మార్కు నమోదుకు పదేళ్ళు ముందరిది. అలుగు మీద పిచ్చుక, దానికి తోక తెగి ఉంది. తండ్రి ముద్ర కొట్టే ఉక్కు అచ్చుకు తోక దగ్గర పెచ్చు ఊడింది. ఆయన చేసిన ప్రతి కొడవలి మీదా పిచ్చుక అలాగే పడుతుంది. ఇంతకంటే రుజువేం కావాలి? ఇది చూపిస్తే పిట్ట మార్కు యజమాని సమ్మతి సంతకం పెట్టక తప్పదు.

మొన్న దాన్ని తండ్రికి చూపిస్తే, కక్కుల పళ్ళ వెంట బొటనవేలు జరిపి, “ఏం పనితనం!” అన్నాడు.

“సొంత డబ్బా కొట్టుకోవడం ఎప్పుడు నేర్చావు నాన్నా?” అని నవ్వింది. ఆయన లేచి తిత్తి ఊదడానికి వెళ్ళిపోయాడు.

పిట్ట మార్కు వాళ్ళ కొలిమిసాల పెద్దది. యజమాని ముసలాయన, కళ్ళజోడుకు దారం కట్టుకుని ఉన్నాడు. కాగితం చూసి పకపకా నవ్వాడు.

“ఓహో! మా పిట్ట పెట్టిన పిల్ల మీదేనా అమ్మాయ్?”

“పిల్ల కాదండీ, తల్లి. మాదే ముందు.”

“మాటలు కోటలు దాటుతున్నాయి. చూపించు మరి.”

పాత కొడవలి, దాని పక్కనే తండ్రి మొన్న చేసిన కొత్త కొడవలి బల్ల మీద పెట్టింది. ఇనుము సాగగొట్టే దాగలి పక్కన పడున్న వాళ్ళ అచ్చు చేతిలోకి తీసుకుంది.

“ఇదుగో, మీ పిట్టకు తోక నిండుగా ఉంది. ఈ రెండింటికీ తెగి ఉంది. ఒకే అచ్చు, ఒకే చెయ్యి. కాదంటారా?”

ముసలాయన పాత కొడవలిని వెలుగులోకి పట్టుకెళ్ళాడు. కళ్ళజోడు పైకి నెట్టాడు. ముద్ర మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. దెబ్బ తగిలిందనుకుంది కూతురు.

“మీరు పని ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నాడు తండ్రి వైపు తిరిగి.

తండ్రి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు, తలగుడ్డ తీయకుండా, నేల చూస్తూ.

“మా నాన్న ఒకరి దగ్గర నేర్చుకోలేదండీ. పుట్టుకతో వచ్చిన విద్య,” అంది కూతురు గొప్పగా.

“అలాగా!” ముసలాయన గొంతు తగ్గింది. “కాగితం అక్కడ పెట్టమ్మా. భోజనాల వేళయింది. తిన్నాక సంతకం సంగతి చూద్దాం.”

ఓడినా మర్యాద తప్పని మనిషే అనుకుంది ఆమె. తను రాసి తెచ్చిన సమ్మతి కాగితం, కలం ఆయన కంచం పక్కనే పెట్టింది.

కొలిమిసాల చివర బల్ల మీదే ముసలాయన భార్య నలుగురికీ వడ్డించి, తనూ కూర్చుంది. నమిలే చప్పుడు, చల్లారుతున్న బొగ్గుల చిటపట. ఎంతసేపటికీ ముసలాయన చెయ్యి కలం వైపు వెళ్ళదు. కూతురి చూపు కుదురులేక గోడలు తిరిగింది. గోడకు ఒక చెక్క దిమ్మ, దానికి తొమ్మిది కన్నాలు. ఎనిమిదింటిలో పాత అచ్చులు నిలబడి ఉన్నాయి. తొమ్మిదోదానికి సాలీడు గూడు కట్టింది.

తండ్రి సగం కంచంలో లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. దిమ్మ దగ్గరికి వెళ్ళి, సాలీడు గూడు ఊది, జేబులోంచి తన పిచ్చుక అచ్చు తీశాడు. తొమ్మిదో కన్నంలో పెట్టాడు. అది అటూ ఇటూ కదలకుండా దిగిపోయి, తక్కిన ఎనిమిదింటితో సమంగా నిలబడింది.

కూతురు మెల్లగా చెయ్యి చాపి కాగితం వెనక్కి తీసుకోబోయింది. ముసలాయన తన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి ఆ కాగితం మీద పెట్టాడు. ఆమె వైపు చూడలేదు.

“వచ్చి కూర్చోరా,” అన్నాడు ఆమె తండ్రితో. “ఆ రోజూ ఇలాగే, ఆ పాత కొడవలి చేసిన చేత్తో మా నాన్న కలిపి పెట్టిన ముద్ద వదిలేసి సగంలో లేచిపోయావు.”