తువ్వాలు కింద ధర

ఎనభై రూపాయలు చెప్పిన ఎద్దులకు తొంభై ఇస్తానన్నాడు కొనేవాడు. దళారీ రసూల్ సాహెబుకు గుండెల్లో రాయి పడింది.

బద్వేలు సంతలో ముప్పై ఏళ్ళుగా బేరాలు కుదురుస్తున్న మనిషి ఆయన. అక్కడ ఎద్దుల ధర నోటితో చెప్పే అలవాటు లేదు. దళారీ భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని పదులు. అమ్మేవాడి ధర కొనేవాడికి, కొనేవాడి ధర అమ్మేవాడికి దళారీ చేతిమీదుగానే చేరుతుంది. పక్కనున్నవాడు ఎంత మెడ సాచినా వాడికి మెడనొప్పే మిగులుతుంది.

ఎద్దులు అయ్యన్నవి. అయిదు వేళ్ళు నొక్కి, మళ్ళీ మూడు నొక్కాడు. ఎనభై. న్యాయమైన ధరే. వాన మొహం చాటేసిన ఏడు, ఊళ్ళో గడ్డిపోచ లేదు, అమ్మక తప్పదని పొద్దున్నే చెప్పుకున్నాడు. అయితే ఎద్దులు నిగనిగలాడుతున్నాయి. మనిషే ఎండిపోయాడు.

మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్ళంతా ఎద్దుల నోళ్ళు తెరిచి పళ్ళు లెక్కపెట్టారు. నడిపించి చూశారు. యాభై దగ్గరే ఆగిపోయారు. ఆ తరవాత వచ్చాడు ఈ తలపాగా మనిషి. పళ్ళు చూడలేదు, నడిపించమనలేదు. పొద్దుటినుంచీ చెయ్యేసిన ప్రతివాడినీ కుమ్మబోయిన ఎర్ర ఎద్దు, ఇతని చెయ్యి పడగానే తల వంచుకుని నిలబడింది. పశువుల దొంగల దగ్గర ఏదో మందు ఉంటుందంటారు. సాహెబుకు ఆ మాట గుర్తొచ్చింది.

“యాడ నుంచి వస్తాండావప్పా?” అని అడిగాడు.

“ఎద్దులు కావాల సాయిబూ. ఊరితో నీకేం పని?” అన్నాడు తలపాగా మనిషి.

అడిగినదానికి పది ఎక్కువ ఇస్తానన్నది ఆ వెంటనే. సాహెబు ఆ తొంభైని అయ్యన్న చేతికి చేరవేశాడు. ఎగిరి గంతెయ్యాల్సినవాడు ముఖం ముడుచుకున్నాడు. తువ్వాలు కింద నొక్కింది ఏడు వేళ్ళే. డెబ్బై.

ఏమప్పా, లెక్క తప్పినావా అని సాహెబు చెవిలో అడిగాడు. లేదని తల ఊపాడు అయ్యన్న. ఎద్దులు నీవేనా అని కూడా అడిగాడు. మా కొట్టంలో పుట్టినవే అన్నాడు. పుట్టినవాటిని ఎవడైనా ఇలా పారేసుకుంటాడా?

ఆ డెబ్బై అటు చేరితే, అటునుంచి నూరు వచ్చింది.

బేరమంటే ఇద్దరూ దగ్గరికి రావడం. వీళ్ళు చెరో దిక్కుకూ పోతున్నారు. పైగా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఒకడు బండి చక్రం వైపు, ఇంకొకడు తన చెప్పుల వైపు. ఉన్న నాలుగు మాటలూ సాహెబుతోనే.

ఆయన బుర్ర పరుగెత్తింది. సొంత సొమ్మును ఎవడూ చవగ్గా వదులుకోడు. కాబట్టి ఎద్దులు దొంగవి. చెమటోడ్చిన డబ్బును ఎవడూ ఎక్కువ పెట్టి పోగొట్టుకోడు. కాబట్టి రూపాయలూ దొంగవే. ఇద్దరు దొంగల మధ్య తన తువ్వాలు! పోయిన నెలలోనే, తెలియక దొంగ ఎద్దుల బేరం కుదిర్చిన ఒక దళారీని పోలీసులు మూడు రోజులు స్టేషనులో కూర్చోబెట్టారు. ఆ తరవాత వాడి తువ్వాలు కింద ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఈ వయసులో తనకూ ఆ గతి పడితే ఇంట్లో భార్య అబీదా బీ ముఖం ఎలా చూడాలి?

వదిలేసి పోదామంటే, మొదలైన బేరాన్ని మధ్యలో వదిలిన దళారీకి సంతలో పరువు ఉండదు. సాహెబు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. చివరికి విసుగొచ్చి ఇద్దరి చేతులూ లాగి కలిపి, పైన తువ్వాలు పడేశాడు.

“నా వల్ల కాదప్పా. మీరూ మీరే తేల్చుకోండి.”

తువ్వాలు కదల్లేదు. సాహెబు కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఎనిమిది వేళ్ళు లెక్కపెట్టడానికి ఇంతసేపా? అయ్యన్న రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సంత దుమ్ము అలాంటిది మరి.

“ఎనభై అయిదు,” అన్నాడు అయ్యన్న, ఎద్దులకు చెప్పినట్టు.

సాహెబు నమ్మలేదు. తలపాగా మనిషి ఇచ్చిన రూపాయలను ఒక్కొక్కటే రాతి మీద మోగించాడు. జార్జి చక్రవర్తి ముఖాన్ని తిప్పి తిప్పి చూశాడు. అన్నీ మంచివే. అయినా మనసు ఒప్పుకోలేదు. చాలామంది రసీదు లేకుండానే పశువులను తోలుకుపోతారు. వీళ్ళను మాత్రం ఆయన చెరో రెక్కా పట్టుకుని, సంత గుమాస్తా మునిరత్నం బల్ల దగ్గరికి నడిపించాడు.

“పేర్లు, నాయనల పేర్లు, ఊర్లు, అన్నీ రాయి సామీ. ఒకటి కూడా ఇడిసిపెట్టొద్దు. రేపు పోలీసోళ్ళు అడిగితే నా దగ్గర కాయితం ఉండాల.”

మునిరత్నం కలం సిరాలో ముంచాడు. ఎద్దులు జత, ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగు మైలది. ధర ఎనభై అయిదు. అమ్మినవాడి పేరు అడిగాడు. అయ్యన్న. తండ్రి పేరు అడిగాడు. నడిపి ఓబన్న. అదీ రాశాడు.

కొన్నవాడి పేరు బాలస్వామి.

“నాయన పేరు?”

తలపాగా మనిషి తలపాగా సర్దుకున్నాడు. దొరికాడు అనుకున్నాడు సాహెబు.

“పైన మా అన్న చెప్పినాడు గదా సామీ, అదే రాయి,” అన్నాడు బాలస్వామి.