దుప్పి గురువు నడత

ఒక అడవిలో జింకపిల్లలకు మైదానంలో పరుగు నేర్పే దుప్పి ఒకడుండేవాడు. మూడేళ్ళుగా ఏటి అవతలి మందను పందెంలో ఓడిస్తున్నది అతని శిష్యులే. అందుకే మందంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది.

ఒకనాడు పూరేడుపిట్ట ఏడుస్తూ మందకు పెద్దయిన చుక్కమ్మ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మీ గురువు ఇంటికి పోతూ దారికి అడ్డమని నా గూడు తొక్కేశాడు. గుడ్లన్నీ పోయాయి. ఇదేం పని బాబూ అంటే నవ్వి పోయాడు."

చుక్కమ్మ దుప్పిని పిలిపించింది. అతను దాచలేదు.

"తొక్కాను. అయితే ఏం? మైదానంలో నా పనికి వంక పెట్టగలరా? బయట నేనేం చేస్తే మీకెందుకు?"

"ఎల్లుండే పందెం. ఇప్పుడీ గొడవ వద్దమ్మా," అని మిగతా జింకలు గొణిగాయి.

చుక్కమ్మకూ గెలుపంటే తీపే. కానీ ఆ పొద్దున్నే, అతని దగ్గర పరుగు నేర్చుకునే తన మనవరాలు చీమలపుట్టను తన్ని, అచ్చం దుప్పిలాగే నవ్వడం ఆమె కళ్ళారా చూసింది. ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

"పిల్లలు నీ దగ్గర పరుగొక్కటే నేర్చుకోవడం లేదు నాయనా, నడత కూడా నేర్చుకుంటున్నారు. ఇక మైదానంలోకి రాకు," అంది.

దుప్పి కొమ్ములు విసురుకుంటూ వెళ్ళిపోయాడు. చుక్కమ్మ పూరేడు ముందు తల వంచింది. "తప్పు మాది కూడా తల్లీ. అతన్ని అంత నెత్తికెక్కించుకున్నది మేమే."

పందెంలో మంద ఓడింది. గొణిగేవాళ్ళు గొణిగారు. మర్నాడు తెల్లారేసరికి ముసలి చుక్కమ్మ తనే మైదానంలోకి దిగింది. పిల్లలందరినీ గొంతెత్తి పిలిచింది.

"రండర్రా, మొదటినుంచి మొదలుపెడదాం!"