అద్దాల పెట్టెలో మొసలి

"దీన్ని మాత్రం లారీ ఎక్కించకండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

మ్యూజియం ఊడ్చే పెద్దమ్మ, అద్దాల పెట్టెలోంచి దించిన మొసలికి అడ్డంగా నిలబడింది. క్యూరేటరుకు తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రంలోగా హాలు ఖాళీ చేసి కంప్యూటర్ ల్యాబ్‌కు అప్పగించాలి. బాగున్న పక్షులూ పాములూ కొత్త భవనానికి వెళ్ళిపోయాయి. పురుగు పట్టినవాటిని ఊరి బయట తగలబెట్టమని యూనివర్సిటీ ఉత్తర్వు.

"తోలంతా పురుగే పెద్దమ్మా. ఉంచితే మిగతావాటికీ అంటుకుంటుంది."

"నేను దులుపుతాను సార్. రోజూ దులుపుతూనే ఉన్నాగా."

అది నిజమే. మెత్తటి గుడ్డతో దాని పొట్ట తుడిచేది, పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు. కోరల వైపు మాత్రం కన్నెత్తి చూసేది కాదు. తాళం వేసేముందు "పడుకో కన్నా" అనేది. స్టాఫంతా చాటుగా నవ్వుకునేవాళ్ళు. క్యూరేటరూ నవ్వినవాడే.

అసలీ మ్యూజియం పుట్టిందే ఈ మొసలితో. ఏటి రేవులో జనాన్ని హడలెత్తిస్తుంటే, అప్పటి జువాలజీ ప్రొఫెసరు తుపాకీతో కాల్చి తెచ్చి, గడ్డి కూరి, ఓ ఖాళీ గదిలో పెట్టాడట. చూడటానికి జనం విరగబడ్డారు. ఆ ఊపులో గవ్వలూ పిట్టలూ వచ్చి చేరాయి, గది కాస్తా హాలైంది. ఆ కొత్తలోనే పెద్దమ్మ వచ్చి, ఏ పనైనా సరే, ఈ గదిలోనే ఇవ్వమని పట్టుబట్టిందట.

లారీ డ్రైవరు తాడు తెచ్చాడు. "మొసలి కన్నీళ్ళని విన్నాను గానీ, మొసలి కోసం కన్నీళ్ళు ఇప్పుడే చూస్తున్నా" అని ఇకిలించాడు. ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ కింద కూలబడి మొసలి పొట్టను వాటేసుకుంది. క్యూరేటరు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"లోపలున్నది ఎండుగడ్డే పెద్దమ్మా" అన్నాడు మెల్లగా.

"తెలుసు సార్."

"మరి ఈ తోలు మీద ఇంత మమకారమేమిటి?"

తాడు బిగుస్తుంటే ఇక లాభం లేదనుకుందేమో, పెద్దమ్మ చేతులు జోడించింది.

"సరే, తీసెయ్యండి. కాల్చకండి సార్. ఈ ఆవరణలోనే ఓ మూల పాతిపెట్టుకోనివ్వండి. గొయ్యి నేనే తవ్వుకుంటాను. పైన చిన్న రాయి పెట్టుకుంటాను, అంతే."

"మొసలికి సమాధా పెద్దమ్మా!"

"మొసలికి కాదు సార్, అది మింగిన నా కొడుక్కి."