రంపపు పొట్టు

బోల్టు ఊడదీయగానే నూనె కారలేదు. ముద్దలు ముద్దలుగా జారి ట్రేలో పడింది.

జశ్వంత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గేర్ ఆయిల్ కంపు అతనికి కొత్త కాదు. లోవర్ హట్ ఊళ్లో సొంత గరాజ్ పెట్టి ఆరేళ్లయింది. కుళ్లిన గుడ్ల వాసన లాంటి ఆ కంపులోనే కూర్చుని రోజూ లంచ్ తింటాడు. ఇది వేరు. దీనిలో మురిగిన చెక్క వాసన కూడా ఉంది. ఒక ముద్దను వేళ్ల మధ్య నలిపి చూశాడు. నల్లటి జావలో సన్నటి పీచులు.

“థూ! రంపపు పొట్టు!”

మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మధుసూదన్ లేచి దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఆ ఉదయమే కారు తెచ్చాడు. వెనక చక్రాలతో నడిచే పాత జపాన్ కారు. స్పీడ్ ఎనభై దాటితే వెనక సీటు కిందనుంచి ఏడుపులాంటి మోత వస్తోందని చెప్పాడు. వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్ విప్పి బేరింగులన్నీ మార్చమన్నాడు.

“వర్షిత అనే అమ్మాయి కారు బాబూ. నర్సు. వారానికి నాలుగు రోజులు రిముటాకా కొండ దాటి మాస్టర్టన్ హాస్పిటల్‌కి వెళ్లొస్తుంది. ఇప్పుడు ఇండియాలో ఉంది. శనివారం దిగేలోపు అయిపోవాలి” అన్నాడు.

ఇప్పుడు వంగి ట్రేలోకి తొంగి చూశాడు.

“ఈ పొట్టు పోస్తే మోత అణిగిపోతది అంకుల్,” అన్నాడు జశ్వంత్. “కొన్నాళ్లే. అంతలో కారు ఎవరికో అంటగట్టొచ్చు.”

“కావాలనే చేశాడంటావా?”

“పొట్టు దానంతటది నడుచుకుంట వచ్చి లోపల కూసోదు గదా!”

వెనక కవర్ విప్పాడు. బేరింగుల రోలర్లు అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడి ఉన్నాయి. ఒక పక్క బేరింగు వెనకాల సందు పూడ్చడానికి వేయాల్సిన ఉక్కు బిళ్ల లేదు. దాని బదులు కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించిన రేకు ముక్క. దాని మీద ఎర్ర రంగు ఇంకా పోలేదు. ఆ రేకును పట్టకారుతో పైకెత్తి, చచ్చిన బొద్దింకను చూపించినట్టు చూపించాడు.

“ఏం మనిషి అంకుల్ వాడు? వీనికి పని రాదనుకుందామంటే, వచ్చు. వచ్చి కూడా ఇట్ల చేసిండు.”

“ఇలాగే నడిపితే ఏమవుతుంది?”

“ఒక రోజు బేరింగు పట్టేస్తది. వెనక చక్రాలు రెండూ ఒక్కసారే బిగుసుకపోతయి. ఆ కొండ మలుపులల్ల, వాన పడుతుంటే... పిల్ల బతుకుతదా? బండి ఫిట్‌నెస్ చూసే వారెంట్ చెకింగ్‌ల గూడ ఇది దొరకదు. లోపల ఎవరు విప్పి చూస్తరు?”

మధుసూదన్ గబగబా బయటికి వెళ్లాడు. షెడ్డు వెనక వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. కంపు పడలేదేమో పాపం అనుకున్నాడు జశ్వంత్. మంచినీళ్ల సీసా పట్టుకెళ్లి ఇచ్చాడు.

ఆయన మూతి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. స్పీకర్‌లో ఆడపిల్ల గొంతు గలగలమంది.

“బాబాయ్, కారు రోజూ ఒకసారి స్టార్ట్ చేస్తున్నారా? బ్యాటరీ డౌన్ అవుతుందేమో చూడండి. మీకోసం కాజాలు తెస్తున్నా!”

“చూస్తున్నానమ్మా. నువ్వు జాగ్రత్తగా రా.”

“మీ అన్న బిడ్డనా?” అడిగాడు జశ్వంత్.

“కాదు. ఇక్కడే పరిచయం. ఆర్నెల్లయింది. తనకిక్కడ మనవాళ్లంటూ ఎవరూ లేరు. మా ఇంటికొస్తుంది, మా ఆవిడకి బీపీ చూస్తుంది. వెళ్తూ వెళ్తూ కారు తాళాలు నా చేతిలో పెట్టింది.”

“మంచోళ్లంకుల్ మీరు. ఎవరి పిల్లకో ఇంత చేస్తున్నరు.”

మధుసూదన్ తల దించుకున్నాడు.

మర్నాడంతా పని సాగింది. జశ్వంత్ డిఫరెన్షియల్ పెట్టెను మూడుసార్లు కడిగాడు. మూడోసారీ ఏదో మూలనుంచి పొట్టు ఊడి వచ్చింది. కడిగిన ప్రతిసారీ ఆ పని చేసినవాడిని వాడి ఏడు తరాలతో సహా తిట్టాడు. మధుసూదన్ ఇంటికి వెళ్లమన్నా వెళ్లలేదు. ఆ కుర్చీలోనే కూర్చుని, ఒక్క తిట్టూ వదలకుండా విన్నాడు.

కొత్త బేరింగులు ప్రెస్‌లో ఎక్కాయి. సరైన ఉక్కు బిళ్లలు పడ్డాయి. జశ్వంత్ గేర్ల పళ్లకు రంగు పూసి, తిప్పి, పళ్లు ఒకదానికొకటి ఆనిన అచ్చు సరిగ్గా పడేదాకా మళ్లీ మళ్లీ సర్దాడు. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ కారెక్కి, అప్పర్ హట్ దాటి కొండ మీదిదాకా వెళ్లొచ్చారు. వెనకనుంచి కిక్కుమన్న శబ్దం లేదు. గాలి మోత తప్ప ఏమీ వినిపించలేదు.

గరాజ్ ముందు దిగాక కూడా జశ్వంత్ కోపం దిగలేదు.

“ఇట్ల వదిలిపెట్టొద్దంకుల్. అన్నీ ఫొటోలు తీసిన. ట్రిబ్యునల్‌ల కేసేద్దాం. నేనొచ్చి సాక్ష్యం చెప్తా. ముందు వాన్ని నేనే కడిగి పారేస్తా. ఆ పిల్లకు ఈ కారు అమ్మినోని నంబర్ తెలుసా మీకు?”

“తెలుసు.”

“చెప్పుండ్రి మరి.” ఫోన్ తీసి సిద్ధంగా పట్టుకున్నాడు.

మధుసూదన్ కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఒక్కొక్క అంకే మెల్లగా చెప్పాడు. జశ్వంత్ పళ్లు కొరుకుతూ ఒక్కొక్కటే నొక్కాడు.

ఆఖరి అంకె నొక్కగానే తెర మీద పేరు వచ్చింది: మధుసూదన్ అంకుల్.