పిల్లికి బిచ్చం

శుక్రవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, పశువుల ఆసుపత్రిలో, రెండో నంబరు బోనులోంచి తీసిన పిల్లి ఆపరేషన్ బల్ల మీద చనిపోయింది. అప్పటికి కత్తి పెట్టలేదు. మత్తు సూది ఒక్కటే ఇచ్చారు.

కాగితం గోడౌన్ స్టోర్‌కీపర్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కుడి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

పిల్లులు గోడౌన్‌లో పుట్టి పెరిగినవి. మనిషి చెయ్యి తగలనివ్వవు. ఏడాదికి రెండు ఈతలు ఈని కాగితం బేళ్లు పాడు చేస్తున్నాయని, విషం పెట్టమన్నాడు యజమాని.

స్టోర్‌కీపర్ బతిమాలాడు.

"ఆపరేషన్లు చేయిస్తే ఇక పెరగవు సార్. ఎలకల బెడదా ఉండదు."

"శుక్రవారం దాకా చూస్తా. ఆ తర్వాత నా పద్ధతి నాది."

గురువారం మధ్యాహ్నం, పిల్లుల్ని పట్టడానికి పిలిపించిన బోన్లతను అయిదు బోన్లలో అయిదు పిల్లుల్ని తెచ్చి తూకం గదిలో దించి వెళ్ళాడు. తెల్లవారితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సాయంత్రం అయిదూ నలభైకి ఒక ఆడమనిషి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చంకలో పాత దుప్పట్ల మూట.

ఎవరినీ ఏమీ అడగలేదు. బోన్లను ఒక్కొక్కటే ఎత్తి చెక్కల మీద పెట్టింది. అడుగున పాత పేపర్లు పరిచింది. పైన దుప్పట్లు కప్పింది.

అప్పటిదాకా తీగెలకేసి తలలు కొట్టుకుంటున్న పిల్లులు సద్దుమణిగాయి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు స్టోర్‌కీపర్.

"చీకటిగా ఉంటే బెదరవు బాబూ. లోపలికి వేలు పెట్టకండి, కరుస్తాయి. రేపు బండి వచ్చేదాకా నన్ను ఇక్కడ కూర్చోనివ్వండి."

"కూర్చుని ఏం చేస్తావు?"

"ఎవరూ తిండి పెట్టకుండా చూస్తాను."

స్టోర్‌కీపర్ వాచ్‌మన్ వైపు తిరిగాడు.

"విన్నావా? పెట్టడానికి కాదట. పెట్టకుండా చూడ్డానికట."

"మత్తిచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి బాబూ."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు."

"మరి ఇవి నీకేమవుతాయి? పెద్దమ్మ పిల్లలా, పిన్ని పిల్లలా?"

వాచ్‌మన్ నవ్వాడు.

ఆమె గోడ మీది బోర్డు వైపు చూసింది. 'పిల్లులకు తిండి వేయువారు పోలీసులకు అప్పగించబడుదురు.' యజమాని రాయించిన బోర్డు అది.



"పిల్లికి బిచ్చం పెట్టని మనుషులుంటారని వినడమే. ఇవాళ కళ్ళారా చూశాం. నడు నడు," అన్నాడు స్టోర్‌కీపర్.

వాచ్‌మన్ ఆమెను గేటు దాటించాడు.

"దణ్ణం పెడతాను, ఏమీ పెట్టకండి," అంది ఆమె గేటు అవతలి నుంచి.

శుక్రవారం ఉదయం ఏడింటికి స్టోర్‌కీపర్ ఇంటి దగ్గర్నుంచి టిఫిన్ డబ్బాలో అయిదు చేపముక్కలు తెచ్చాడు. "కోతకి వెళ్తున్నాయి పాపం, నోళ్ళు లేని జీవాలు," అని భార్య ఇచ్చి పంపింది.

బోనుకి ఒక ముక్క వేశాడు. రెండో బోను దగ్గర వేలు తీగెల మధ్యలోంచి లోపలికి పోయింది. పిల్లి ముందు వేలు కరిచింది. తర్వాత ముక్క తింది.

ఎనిమిదిన్నరకు ఆసుపత్రిలో కాంపౌండరు అడిగాడు.

"రాత్రి నుంచి ఏమన్నా పెట్టారా? పెట్టి ఉంటే ఇవాళ కుదరదు, రేపు తీసుకురండి."

రేపు శనివారం. యజమాని ఇచ్చిన గడువు శుక్రవారం.

"ఏమీ పెట్టలేదు," అన్నాడు స్టోర్‌కీపర్. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

తొమ్మిదిన్నరకు డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"మత్తులో కక్కుకుంది. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయింది. చేపముక్క."

అతను బెంచీ మీంచి లేచాడు.

"ఆ వేలికేమైంది?"

పీలిక విప్పి చూపించాడు.

"మిగతా నాలుగూ తిన్నాయా?"

"తిన్నాయండి."

"ఇవాళ ఇంక వేటికీ చెయ్యను. మీరు ముందు వెళ్ళి సూది వేయించుకోండి."

అతను యజమానికి ఫోన్ చేశాడు.

"శుక్రవారం అన్నాను, అయిపోయింది," అన్నాడు యజమాని. "మిగతా నాలుగూ వెనక్కి తెచ్చెయ్. మందు తెప్పిస్తున్నా."

ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర బోన్లతను రెండో నంబరు బోను కడుగుతున్నాడు.

"నిన్న సాయంత్రం దుప్పట్లు తెచ్చినావిడ ఎవరు?" అన్నాడు స్టోర్‌కీపర్.

"నేనే పంపానండి. మీరు గెంటేశారటగా."

"పిల్లుల్ని పట్టింది నువ్వు. మధ్యలో ఆవిడకేం పని?"

"నేనెక్కడ పట్టానండి? మూడు రోజులు బోన్లు పెడితే ఒక్కటీ దగ్గరికి రాలేదు. నిన్న ఆవిడ గోడవతల నిలబడి గిన్నె మోగించింది. అయిదూ వచ్చి బోన్లెక్కాయి."

"ఏం గిన్నె?"

"రోజూ వాటికి అన్నం పెట్టే గిన్నె. ఆరేళ్ళ నుంచి పెడుతోంది. మీ బోర్డుకి భయపడి తన సంగతి చెప్పొద్దంది."

స్టోర్‌కీపర్ పీలిక మళ్ళీ వేలికి చుట్టుకున్నాడు.

గురువారం ఆమె మోగించింది ఖాళీ గిన్నె. ఆరేళ్ళలో ఆమె వాటికి తిండి పెట్టని రోజు అదొక్కటే.